నలభై పుల్లలు, మూడు ఫ్యాన్లు

పెదలంకపాలెం శాఖా పఠనాలయానికి జనం జ్ఞానం కోసం వస్తారని ఎవరైనా ఉపన్యాసంలో అంటే, లైబ్రేరియన్ శేషారత్నం గారు నవ్వేవారు కాదు గానీ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంటూ కూర్చునేవారు. జనం వచ్చేది ఫ్యాన్ల కోసమని ఆవిడకి ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలోనే అర్థమైపోయింది. అందులో ఆవిడకి చిన్నతనమేమీ కనిపించలేదు. ఫ్యాను కింద కూర్చున్న మనిషి ఊరికే ఎంతసేపని కూర్చుంటాడు? కాసేపటికి చేతికందిన పేపరు లాక్కుంటాడు. పేపరయ్యాక వారపత్రిక తీస్తాడు. అదీ అయ్యాక, ఇంకా బయట ఎండ తగ్గకపోతే, గత్యంతరం లేక పుస్తకం పడతాడు. అలా గాలి కోసం వచ్చి చదువరులైపోయినవాళ్లు ఆ ఊళ్లో బోలెడుమంది.

పెద్ద హాల్లో మూడు ఫ్యాన్లున్నాయి. నాలుగోదానికి కప్పులో కొక్కెం ఉంది గానీ ఫ్యాను లేదు. ఆ కొక్కెం సరిగ్గా శేషారత్నం గారి బల్లకి పైనే ఉంది. ఏటా ఎండాకాలం ముందు ఆవిడ నాలుగో ఫ్యాను కోసం జిల్లా కార్యాలయానికి అర్జీ పెట్టడం, ఏటా వానాకాలం మొదలయ్యాక ‘ప్రస్తుతము ఆవశ్యకత కనబడుట లేదు’ అని జవాబు రావడం ఒక ఆచారంగా స్థిరపడిపోయింది. ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ పుస్తకాలిచ్చేవారు.

మొదటి ఫ్యాను గంగిరాజు గారిది. ఆయన బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. పేపరు పైకి చదువుతారు, అదీ స్టేజీలు పిలిచినట్టు. మధ్య ఫ్యాను కుసుమది. ఆ పిల్ల ఇంజనీరింగు చదివి, ఉద్యోగం రాక, సర్కారు పోటీ పరీక్షకి తయారవుతోంది. వాళ్లది రేకుల ఇల్లు. మే నెలలో ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట మనిషి కూర్చుంటే అప్పడం వేగినట్టు వేగిపోవాల్సిందే. పరీక్ష జూన్ నెలాఖర్లో. అంటే ఆ అమ్మాయి భవిష్యత్తు మొత్తం ఈ మధ్య ఫ్యాను రెక్కల మీద తిరుగుతోందని శేషారత్నం గారి లెక్క. ‘ఈ హాల్లోంచి ఒక్క పిల్లయినా ఆఫీసరై బయటికెళ్లాలి’ అని ఆవిడ మనసులో గట్టిగా అనుకున్నారు. మిగతా ఫ్యాను ఎవరు ముందొస్తే వాళ్లది.

ఇలా హాయిగా సాగుతున్న చోట పఠనాలయాల సంస్థ జిల్లా కార్యనిర్వహణాధికారి శ్రీ పరాంకుశం గారు శిక్షణకి వెళ్లొచ్చారు.

ఆయన ఏటా ఏదో ఒక పెద్ద హోటల్లో శిక్షణకి వెళ్తారు. వెళ్లొచ్చాక జిల్లాలో ఉన్న పఠనాలయాలన్నింటికీ ఏదో ఒకటి వస్తుంది. అంతకుముందు సంవత్సరం వానపాములొచ్చాయి. ప్రతి శాఖ పెరట్లోనూ ఎరువు తొట్టి పెట్టి, పాత పేపర్లు వాటికి మేపాలన్నారు. వానపాములకి ఇంగ్లీషు పేపర్లు అరగలేదని ఒక నివేదిక కూడా వెళ్లింది. ఆ ముందేడు నవ్వుల క్లబ్బు. రోజూ సాయంత్రం చదువరులు వరసలో నిలబడి నవ్వాలి, నవ్వనివాళ్లకి సభ్యత్వం రద్దు. గంగిరాజు గారు ఆ ఏడాది నవ్వీ నవ్వీ కట్టుడుపళ్లు ఒకసారి కిటికీలోంచి పారేసుకున్నారు.

ఈసారి ఒక అట్టపెట్టె, దాంతోపాటు ఒక సర్క్యులరు వచ్చాయి.

‘ఇందుమూలముగా సమస్త శాఖాధికారులకు తెలియజేయునదేమనగా, ప్రపంచము యావత్తూ యంత్రముల ద్వారా డిజిటల్ ధనమును స్వయముగా పండించుకొనుచున్న ఈ తరుణమున, మన పఠనాలయములు మాత్రము గ్రాంటుల కొరకు చేయి చాచుట మిక్కిలి శోచనీయము. కావున స్వయంసమృద్ధి పథకము క్రింద ప్రయోగాత్మకముగా పెదలంకపాలెం శాఖకు నలుబది స్వయంసమృద్ధి పరికరములు మంజూరు చేయడమైనది.’

పరికరం అంటే వేలెడంత పుల్ల. ఒక కొస కంప్యూటరుకి పెన్ డ్రైవు పెట్టే రంధ్రంలో దూరుతుంది, రెండో కొసన చిన్న పచ్చ దీపం. ఒంటి నిండా దువ్వెన పళ్లలాంటి అల్యూమినియం రేకులు. అది అస్తమానం ఏవో లెక్కలు చేస్తూ ఉంటుందట. ఎప్పుడైనా ఒక లెక్క కుదిరితే డిజిటల్ నాణెంలో ఒక నలుసు రాలుతుందట. కుసుమ ఇదంతా వివరిస్తే గంగిరాజు గారు శ్రద్ధగా విని, ఆ లెక్కలు ఎవరివని అడిగారు. ఎవరివీ కావంది కుసుమ. మరి తప్పొస్తే అన్నారు. మళ్లీ ఇంకోటి చేస్తుందంది.

“అయితే మా పెద్దోడి బాపతేనండి,” అని ఆయన మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

ప్రారంభోత్సవానికి పరాంకుశం గారే స్వయంగా వచ్చారు. హాలు మధ్యలో బల్ల వేసి, దాని మీద కంప్యూటరు పెట్టి, దానికి ఏడేసి నోళ్లున్న హబ్బులు తగిలించారు. ఒక్కో నోట్లో ఒక్కో పుల్ల. హబ్బులన్నింటికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. కొబ్బరికాయ నీళ్లు హబ్బులో పడబోతే శేషారత్నం గారు చెయ్యి అడ్డం పెట్టారు. పరాంకుశం గారు అరగంట మాట్లాడి మీట నొక్కారు. నలభై పచ్చ దీపాలూ ఒక్కసారి వెలిగాయి. జనం చప్పట్లు కొట్టేలోపలే నలభై దీపాలూ ఆరిపోయాయి.

మధ్య ఫ్యాను కింది నుంచి కుసుమ లేచింది. ఆ పిల్లకి పెద్దవాళ్ల ముందు మాట్లాడే అలవాటు తక్కువ, కానీ చూస్తూ ఊరుకోలేకపోయింది.

“సార్, ఒక్కో పుల్లకీ ఫోను చార్జింగు పెట్టేటంత కరెంటు కావాలండి. మీరు నలభై పుల్లలకీ కలిపి ఒక్క చార్జరు పెట్టారు. పెట్టె మీద కూడా అదే రాసుందండి.”

“కొరత అన్నమాట,” అన్నారు పరాంకుశం గారు ఆమె వైపు చూడకుండానే. “కొరత వచ్చినప్పుడు ఏం చేయాలో ప్రభుత్వ యంత్రాంగానికి ఒకరు నేర్పాలా తల్లీ? పంపిణీ విధానం ఉంది.”

నిజమే, ఉంది. ఆ సంస్థలో ఏ వస్తువు చాలకపోయినా సీనియారిటీ జాబితా తీస్తారు. చేతులున్న కుర్చీలు, పింగాణీ కప్పులు, కిటికీ పక్క సీట్లు అన్నీ ఆ జాబితా ప్రకారమే. ఇప్పుడు కరెంటు కూడా అందులో చేరింది. జిల్లాలో ఉన్న ఉద్యోగులందరి పేరా తలో పుల్ల కేటాయించి, పేర్లు రాసిన చీటీలు అంటించారు. కరెంటు వైరులోంచి ముందుగా మొదటి రంధ్రంలోకే వస్తుంది కాబట్టి మొదటి రంధ్రం కార్యనిర్వహణాధికారి గారి పుల్లకి. తర్వాత సూపరింటెండెంట్లు. ఆ తర్వాత సీనియరు అసిస్టెంట్లు. కొస రంధ్రంలో శేషారత్నం గారి పుల్ల. కరెంటు రంధ్రాల్లోకి అలా వరసగా నడిచి రాదని కుసుమ చెప్పబోయింది గానీ, జాబితా అప్పటికే సంతకమైపోయింది.

ఆ పంపిణీతో పుల్లలు వెలగలేదు గానీ ఆఫీసు వెలిగిపోయింది. జిల్లా కార్యాలయంలో అన్నాళ్లూ కునుకు తీస్తున్నవాళ్లంతా మేల్కొన్నారు. తన పుల్లని జూనియరు పుల్ల కన్నా వెనక రంధ్రంలో పెట్టారని ఒక సూపరింటెండెంటు గారు మెమో పెట్టారు. ఇంకొకాయనకి ప్రమోషన్ వస్తే ఆయన పుల్లని ఆరో రంధ్రం నుంచి మూడో రంధ్రానికి మార్చమని ఉత్తర్వు వచ్చింది. ప్రమోషన్ పాత తేదీ నుంచి వర్తిస్తుంది గనుక మధ్యకాలంలో తనకు రావలసిన కరెంటు కూడా ఇప్పించాలని ఆయన మళ్లీ కోరారు. శేషారత్నం గారు పుస్తకాలివ్వడం మానేసి పొద్దస్తమానం పుల్లలు పీకి పుల్లలు గుచ్చుతూ కూర్చున్నారు. ఒక్కటీ వెలగదు.

పరాంకుశం గారు దిగులు పడే మనిషి కాదు. ఆయన దీనికి సమష్టి విద్యుత్ విధానం అని పేరు పెట్టి, ఉద్యోగులందరూ ఇంట్లో పాత చార్జర్లు తలొకటీ విరాళం ఇవ్వాలన్నారు. వచ్చాయండీ చార్జర్లు. పాత ఫోన్లవి, పిల్లల బొమ్మకార్లవి, జుట్టు కత్తిరించే మిషన్లవి. ఎవరో చచ్చిపోయిన కంప్యూటరులోంచి ఊడదీసిన పవర్ డబ్బా కూడా పంపారు. వాటన్నింటి తోకలూ కోసి, రాగితీగలు ఒకదానితో ఒకటి మెలేసి, పైన టేపు చుట్టారు. చాలని చోట ఒక హబ్బు తోక ఇంకో హబ్బు నోట్లో పెట్టారు. ఆ రెండోదాని తోక మూడోదాని నోట్లో.

కుసుమకి ఆ చిక్కుముడి చూస్తే చెమటలు పట్టాయి. ఒక్కో చార్జరుదీ ఒక్కో బలం, అన్నీ ముడేస్తే బలమైనది బలహీనమైనదాని మీదికి కరెంటు తోస్తుంది, ఆ సన్నటి తీగలు అంత భారం మొయ్యలేవు, కాలతాయి అని చెప్పింది. పరాంకుశం గారు జాలిగా నవ్వారు.

“అమ్మాయ్, బలవంతుడు బలహీనుడికి ఇవ్వడాన్నే సహకార స్ఫూర్తి అంటారు. నీ పరీక్షలో అడగొచ్చు, రాసుకో.”

మీట నొక్కారు. ఈసారి నలభై దీపాలూ వెలిగి, వెలుగుతూనే ఉన్నాయి. కంప్యూటరు తెర మీద సంపాదన కనిపించింది. సున్నా, చుక్క, ఆ చుక్క తర్వాత తెర అంచుదాకా మళ్లీ సున్నాలే, చిట్టచివర ఏదో అంకె. అన్ని అంకెలున్న ఆదాయం తన సర్వీసులో చూడలేదని పరాంకుశం గారు పొంగిపోయారు.

అక్కణ్ణుంచి మొదలైంది వేడి. నలభై పుల్లలూ పట్టుకుంటే చురుక్కుమనేలా కాగుతున్నాయి. దువ్వెన పళ్లకి గాలి తగలాలని పెట్టె మీద రాసుంది. మూడో రోజున ఉత్తర్వు వచ్చింది: ‘ఉత్పాదక పరికరములను ఫ్యానుల క్రిందకు, అనుత్పాదక చదువరులను గోడల వారకు తరలించవలెను.’ కుసుమ గోడ పక్కకి జరిగింది. గంగిరాజు గారు మొదటి ఫ్యాను కింద ఉన్న సూపరింటెండెంట్ల పుల్లల వంక అసూయగా చూస్తూ గోడకి చేరగిలబడ్డారు.

వారం తిరిగేసరికి ఇంకో ఉత్తర్వు. మనిషన్నవాడు ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి ఒక బల్బంత వేడి వదులుతాడనీ, చదువుతూ ఆలోచిస్తే ఇంకా ఎక్కువ వదులుతాడనీ శిక్షణలో చెప్పారట. కాబట్టి ‘పఠనాలయ ప్రాంగణమున పఠనము తాత్కాలికముగా నిషేధించడమైనది.’ ఆ కాగితాన్ని తలుపుకి అంటించమని కూడా రాశారు. శేషారత్నం గారు అంటించారు. అంటిస్తుంటే ఆవిడకి కడుపు మండిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆవిడ ఎవర్నీ బయటికి పొమ్మనలేదు, నిద్రపోయినవాణ్ణి కూడా మెల్లిగా తట్టి లేపారే తప్ప.

చదువరులు కొన్నాళ్లు వరండాలో ఎండకి కళ్లు చికిలించుకుంటూ పేపరు చదివారు. తర్వాత చెదిరిపోయారు. గంగిరాజు గారు బస్టాండుకెళ్లి కూర్చుంటే కొత్త కండక్టర్లు ఆయన్ని ఎక్కమని వేధించారు. కుసుమ ఏసీ ఉంటుందని ఏటీఎం గదిలో నిలబడి చదువుకుంది. లోపల పిల్ల అంతసేపు కదలకుండా ఉండేసరికి మిషను పనిచెయ్యట్లేదనుకుని ఊళ్లోవాళ్లు వెనక్కి పోయేవారు. నాలుగో రోజు బ్యాంకు వాచ్‌మన్ చదువుకోడానికి లైబ్రరీకి పొమ్మన్నాడట. ఆ మాట చెప్పి కుసుమ నవ్వబోయి ఏడ్చేసింది. పరీక్ష ఇంకెంతో దూరం లేదు.

“ఇంట్లో ఉండలేకపోతున్నానండి మేడమ్. పుస్తకం తెరిస్తే చెమట బొట్లు పడి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.”

శేషారత్నం గారు ఆ మధ్యాహ్నమే నిరసన పత్రం రాశారు. చదువరులు లేని పఠనాలయమేమిటని అడిగారు. జవాబు వెంటనే వచ్చింది, అది కూడా ఆవిడ సర్వీసులో మొదటిసారి: ‘చదువరి అనునది ఆదాయము నివ్వని ఆస్తి. తమ అభ్యంతరము పరిశీలించి తిరస్కరించడమైనది.’ దాని కింద చాలా సంతకాలున్నాయి. తిరస్కరించడానికి అంతమంది ఎగబడి సంతకాలు పెడతారని ఆవిడకి కొత్తగా తెలిసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, హాల్లో నలభై పుల్లలూ తనూ తప్ప ఎవరూ లేని వేళ, ఆవిడకి మాడు వాసన వచ్చింది. ముందు పక్కింటివాళ్ల పప్పు అనుకున్నారు. తిరిగి చూస్తే మధ్య ఫ్యాను కింద ఒక హబ్బు పాకంలో పడ్డ బెల్లంలా మెత్తబడి బల్ల మీదికి జారుతోంది. మెలేసిన తీగల దగ్గర టేపు పొగలు కక్కుతోంది. ఆవిడ పరుగున వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేసి, మూల ఉన్న ఎర్ర బక్కెట్లో ఇసుక తెచ్చి గుమ్మరించారు. ఇసుకతోపాటు ఇన్నేళ్లుగా గంగిరాజు గారు అందులో గుచ్చిన చుట్టపీకలు కూడా పడ్డాయి. బల్ల మూల కాస్త నల్లబడింది. సంస్థ వార్షిక నివేదికలు రెండు కాలిపోయాయి గానీ వాటి గురించి ఎవరూ అడగలేదు.

ఆవిడ మెట్ల మీద కూలబడి కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. కుసుమ వరండాలోంచి పరిగెత్తుకొచ్చి మంచినీళ్లిచ్చింది. నీళ్లు తాగుతుంటే శేషారత్నం గారికి ఒక సంగతి తట్టింది. తను పెట్టింది అభ్యంతరం. అభ్యంతరాన్ని తిరస్కరిస్తూ ఎంతమందైనా సంతకం పెడతారు. కానీ భద్రత కోసం ఫలానాది కావాలని కాగితం పెడితే, ‘వద్దు’ అని రాసి దాని కింద సంతకం పెట్టే మొనగాడు ఈ సంస్థలో పుట్టలేదు. రేపేదైనా కాలితే ఆ సంతకం తీసి చూపిస్తారు కదా.

“కుసుమా, ఈ పుల్లలకి నిజంగా ఏం చేస్తే ప్రమాదం ఉండదో మొత్తం చెప్పు,” అన్నారావిడ. ఆ పిల్ల చెప్పింది. ఆవిడ విన్నారు. విని, ఇంకొన్ని కలుపుకున్నారు.

కాలిన సంగతి తెలిసి జిల్లా కార్యాలయం నుంచి భద్రతా సమీక్షా సంఘం రెండు జీపుల్లో దిగింది. కరిగిపోయిన హబ్బు చుట్టూ నిలబడి అందరూ ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. పరాంకుశం గారి మొహం పాలిపోయి ఉంది. పథకం ఎత్తేస్తే శిక్షణ వృథా అవుతుంది, కొనసాగిస్తే మళ్లీ కాలుతుందేమోనని భయం. శేషారత్నం గారు చేతులు కట్టుకుని, తలొంచుకుని, తన సూచనలు చెప్పుకోవచ్చా అని అడిగారు.

మొదటిది, వెలుగుతున్న పుల్లని మనిషి లేకుండా వదలకూడదు. ప్రతి పుల్లకీ చేతికందేంత దూరంలో ఒక మనిషి ఉండాలి. సంఘం తల ఊపింది. పరాంకుశం గారు ఆ మనిషికి అప్రమత్త సంరక్షకుడు అని అప్పటికప్పుడే పేరు పెట్టేశారు.

“మనిషిని పెట్టేస్తే సరిపోదండి సార్. నిద్రపోతే?” అన్నారావిడ.

సంఘంలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మధ్యాహ్నం పూట ఊరికే కూర్చున్న మనిషి నిద్రపోతాడన్న విషయంలో వాళ్లందరికీ అనుభవం ఉంది.

“చేతిలో చదవడానికి ఏదైనా ఉండాలండి. పేపరో పుస్తకమో. కునుకు పట్టిందంటే జారి కింద పడుతుంది, చప్పుడు నాకు వినిపిస్తుంది.”

రాసుకున్నారు. రెండోది తేమ. చెమట పట్టిన చెయ్యి కరెంటు వస్తువు దగ్గర ఉండటం మహా ప్రమాదం. కాబట్టి సంరక్షకుడికి చెమట పట్టకూడదు. ఫ్యాను గాలి పుల్లకి తగిలినా తగలకపోయినా మనిషికి తగిలి తీరాలి. ఇక్కడ సంఘం కాస్త తటపటాయించింది. శేషారత్నం గారు వద్దంటే వద్దని రాసి సంతకం పెట్టి ఇవ్వమని ఎంతో వినయంగా కాగితం ముందుకి జరిపారు. ఎవరూ కలం తియ్యలేదు. ఫ్యాన్లని స్వేద నివారణ యంత్రాల జాబితాలో చేర్చారు. పొగ వస్తే కనబడాలి కనుక ట్యూబులైట్లు కూడా భద్రతా సామగ్రే అయ్యాయి.

మూడోది కుసుమ చెప్పిన అసలు సంగతి. చార్జర్లు ముడెయ్యకూడదు, హబ్బుకి హబ్బు తగిలించకూడదు, ఎన్ని పుల్లలుంటే అన్నింటికీ చాలినంత బలమైన మంచి సప్లై ఒకటి ఉండాలి, తీగ లావుగా ఉండాలి. సంఘం ఈ చివరి మాటలు విన్నదో లేదో గానీ, తన వంతు జాగ్రత్త తను కలిపింది: ఒక పుల్లకి ఒక హబ్బు, ఒక హబ్బుకి ఒక చార్జరు, ఒక చార్జరుకి గోడలో ఒక ప్లగ్గు. హాల్లో నాలుగు ప్లగ్గులున్నాయి. ఒకదాన్లో కందిరీగ మట్టిగూడు కట్టింది.

“పోనీ మూడు వెలిగిద్దాం,” అన్నారు పరాంకుశం గారు ఆశగా.

సంఘం కరెంటు లెక్క తీసింది. ఆ భవనానికి మంజూరైన లోడు కొంతే. అందులో ముందు భద్రతా సామగ్రికి ఇవ్వాలి. మూడు స్వేద నివారణ యంత్రాలు, ఎప్పటికైనా రావచ్చని ఖాళీ కొక్కేనికి రాసి ఉంచిన వాటా, ట్యూబులైట్లు పోగా మిగిలేదేమీ లేదు. అదనపు లోడు కోసం కరెంటు వాళ్లకి రాయాలి, వాళ్లు వచ్చి చూడాలి, అది ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేరు. అప్పటిదాకా పరికరాల్ని ‘విద్యుత్ రహిత సంసిద్ధ స్థితి’లో ఉంచాలని తీర్మానించారు. అంటే పుల్లలు వెలగవు. వెలగకపోయినా సంరక్షకులు మాత్రం తప్పదు, పొరపాటున ఎవరైనా వెలిగిస్తే? ఆ ప్రశ్న వేసింది కూడా శేషారత్నం గారే.

ఇక నలభైమంది సంరక్షకులు ఎక్కణ్ణుంచి వస్తారన్నది మిగిలింది. పోస్టులు లేవు. జీతాలు లేవు. ఊళ్లో ప్రజాసేవ మీద ఆసక్తి ఉన్నవాళ్లు కొందరున్నారనీ, తను అడిగి చూస్తాననీ ఆవిడ చెప్పారు. సంఘం ఆవిడ చొరవని మెచ్చుకుని జీపులెక్కింది.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి వరండా నిండా ప్రజాసేవకులు. గంగిరాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. పిన్నుతో గుచ్చుకోమని శేషారత్నం గారు ఇచ్చిన సంరక్షకుడి బ్యాడ్జీని పాత కండక్టరు బ్యాడ్జీ పక్కనే పెట్టుకుని, సూపరింటెండెంటు గారి పుల్ల పట్టుకుని మొదటి ఫ్యాను కింద ఆసీనులయ్యారు. కుసుమ మధ్య ఫ్యాను కింద తన కుర్చీ తను వెతుక్కుంది. పుల్లని ముందు పెట్టుకుని పుస్తకం తెరిచింది. ఆ చివరి వారాలు ఆ పిల్ల తలెత్తింది లేదు. భద్రత విషయంలో అంత అప్రమత్తత సంస్థ చరిత్రలో లేదని ఎవరైనా అనొచ్చు.

పుల్లలకి ఇంకో ఉపయోగం కూడా అప్పుడే బయటపడింది. ఆ ఫ్యాన్ల గాలికి పేపర్లు ఎగిరిపోవడం ఆ హాల్లో ఎప్పటినుంచో ఉన్న బాధ. రాళ్లు పెడితే పిల్లలు ఎత్తుకుపోయేవారు. ఈ పుల్లలు బరువుగా ఉన్నాయి, దువ్వెన పళ్లుండటం వల్ల జారవు. ఒకరిని చూసి ఒకరు అందరూ పేపరు మీద పుల్ల పెట్టుకోవడం మొదలుపెట్టారు. కుసుమ పరీక్షకి వెళ్లే రోజు పొద్దున తన పుల్లని గంగిరాజు గారికి అప్పజెప్పి, జాగ్రత్తగా చూడమని మరీ మరీ చెప్పింది. ఆయన ఆ ఆదివారమంతా రెండు పుల్లలకి కాపలా కాశారు.

పరీక్ష బాగా రాశానని ఆ పిల్ల వచ్చి చెప్పిన మర్నాడే పరాంకుశం గారు తనిఖీకొచ్చారు. హాలు కిటకిటలాడుతోంది. మనిషికో పుల్ల, పుల్లకో మనిషి, అందరి చేతుల్లో చదివేదేదో ఉంది, ఒక్కరి నుదుట చెమట లేదు. ఆయన కళ్లు చెమర్చాయి. భద్రతా సమీక్ష తర్వాత ఒక్క ప్రమాదం కూడా జరగని ఏకైక స్వయంసమృద్ధి కేంద్రంగా ఈ శాఖకి రాష్ట్రస్థాయి జ్ఞాపిక వచ్చిందని ప్రకటించారు. వచ్చేవారం ఆయన దీని మీదే శిక్షణ ఇవ్వడానికి వెళ్తున్నారట, అదే హోటలుకి. నివేదికలో రాయాలి కాబట్టి, పరికరాలు ఎలా పనిచేస్తున్నాయని అడిగారు.

“ఒక్క పేపరూ ఎగరట్లేదండి సార్,” అన్నారు శేషారత్నం గారు.

ఆయన ‘పరికరములు సంతృప్తికరముగా పనిచేయుచున్నవి’ అని రాసుకున్నారు. ఇంకేమైనా కావాలా అని ఎంతో ప్రేమగా అడిగారు. ఆవిడ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. వరండాలో ఇంకా కొందరు నిలబడి ఉన్నారనీ, వాళ్లకి పుల్లలు చాలట్లేదనీ, మరో నలభై పంపిస్తే బావుంటుందనీ చెప్పారు. పరాంకుశం గారు ఉప్పొంగిపోయి అక్కడికక్కడే మంజూరు చేశారు.

“అయితే సార్, నలభై పుల్లలొస్తే నలభైమంది సంరక్షకులొస్తారు. వాళ్లు నా బల్ల ఉన్న ఆ మూల కూర్చోవాలి. అక్కడ స్వేద నివారణ యంత్రం లేదండి.”

ఆయన కప్పు వైపు చూశారు. ఖాళీ కొక్కెం వేలాడుతోంది. ఆవిడ అప్పటికే టైపు చేయించి ఉంచిన కాగితం ఆయన ముందు పెట్టి, కావాలంటే ‘వద్దు’ అని రాసి సంతకం పెట్టొచ్చని చెప్పారు.

నాలుగో ఫ్యాను వారంలోపలే వచ్చింది. దాన్ని బిగించిన మధ్యాహ్నం హాల్లో ఉన్న సంరక్షకులందరూ పుస్తకాలు పక్కనపెట్టి చూశారు, కుసుమ వెళ్లి స్విచ్ వేసింది. శేషారత్నం గారు తన బల్ల ముందు కూర్చున్నారు. ఇన్నేళ్ల తర్వాత నెత్తి మీద గాలి ఆడేసరికి ఆవిడకి ఏం చెయ్యాలో తోచక, విసనకర్ర తీసి అలవాటుగా ఒకసారి విసురుకుని, సిగ్గుపడి సొరుగులో పడేశారు. ఇంతలో బల్ల మీదున్న జ్ఞాపిక తాలూకు ప్రశంసాపత్రం గాలికి లేచి ఎగిరిపోబోయింది. ఆవిడ చెయ్యి చాచి దగ్గర్లో ఉన్న పుల్ల తీసి దాని మీద పెట్టారు. దానికి అంటించిన చీటీ మీద కార్యనిర్వహణాధికారి గారి పేరుంది.